నాన్న ఓడను కాపాడబోయి

2024 మార్చి 16 తెల్లవారుజామున నాలుగున్నరకు విశాఖపట్నంలో కారు ఎక్కాం. మధ్య సీట్లో నేనూ అమ్మా, వెనక సీట్లు మడిచిన చోట నాన్న చేసిన ఓడ బొమ్మ. నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. హైదరాబాదులో మా దగ్గర ఉండటానికి అమ్మ ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఓడ కూడా రావాలి.

నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో మోల్డ్ లాఫ్ట్ మనిషి. ఓడ గీతలను అసలు కొలతలో నేలమీద గీసే పని. ఇంటికి వచ్చిన చుట్టాలు ఈ బొమ్మను చూసి "జల ఉషేనా?" అని అడిగేవారు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా విశాఖలో నీళ్లలోకి దిగిన ఓడ అది, ఆ ఊళ్లో అందరికీ ముందు గుర్తొచ్చే పేరు. కాదు, ఇది కట్టీ సార్క్. 1869లో స్కాట్లాండులో కట్టిన తేయాకు ఓడ. మరమ్మతుకు వచ్చిన ఏదో ఓడలోని అధికారి ఇచ్చి వెళ్లిన ప్లాను కాగితాలను నాన్న ఇరవై ఏళ్లు ట్రంకు పెట్టెలో దాచారు. రిటైరయ్యాక 2001లో మొదలుపెట్టి మూడేళ్లు కూర్చుని చేశారు. అంగుళానికి ఎనిమిది అడుగుల లెక్క. అసలు ఓడ పొడవు 212 అడుగులు కాబట్టి బొమ్మ ఒళ్లు ఇరవై ఆరున్నర అంగుళాలు, ముక్కు కర్రతో కలిపితే మూడడుగులకు కాస్త తక్కువ. లంగర్లు, తాళ్లు చుట్టే గుంజలు, ఓడ ముందు కొసన చెయ్యి చాచి గుర్రం తోక పట్టుకున్న ఆడమనిషి, అన్నీ సీసంతో పోతపోశారు. ఫిషింగ్ హార్బరు దగ్గర వలలకు కట్టే గుండ్లు కొనుక్కొచ్చి వంటింటి గరిటెలో కరిగించినందుకు అమ్మ వారం రోజులు మాట్లాడలేదట. నా కష్టాలన్నిటికీ మూలం ఆ గుండ్లే అవుతాయని అప్పుడు ఎవరికి తెలుసు!

సామాను సర్దేవాళ్లు ఓడకు గాలిబుడగల ప్లాస్టిక్కు చుడతామన్నారు. అడ్డకర్రలు, దారపు తాళ్లు ఉన్న దానికి ఏదైనా చుడితే తీసేటప్పుడు సగం ఊడి వస్తాయి. నాన్నతో కలిసి పనిచేసిన ఒక బాబాయి వచ్చి దారి చూపించారు. ఓడ నిలబడిన పలకను చెక్కపెట్టె అడుగుకు కింది నుంచి మరలతో బిగించారు. పెట్టెలో ఇంకేదీ ఓడను తాకదు. అడుగున తెల్లటి పాత పంచె పరిచారు. ఎందుకని అడిగితే, "దారిలో ఏది రాలినా కనబడుతుంది, దొరికిన ముక్క దొరికినట్టు కవరులో వేసుకో" అన్నారు. పెట్టెకు 2,800, కారుకు 14,500. ఏలూరు దాటాక ఒక్క గతుకు గట్టిగా తగిలింది. తార్నాకలో మా ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు. పంచె మీద నాలుగు ముక్కలున్నాయి, పెద్దది అగ్గిపుల్ల అంత. ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణానికి అది నష్టమే కాదు. ఆ రాత్రి నేను పడిన సంతోషం చూస్తే ఓడను నేనే చేశానేమో అనుకుంటారు.

ఎక్కడ పెట్టాలన్నది మూడు రోజుల చర్చ. పడమటి కిటికీ పక్కన వద్దన్నాను, ఎండకు రంగు వెలుస్తుంది. దేవుడి గూటి పక్కన అగరుబత్తి పొగ. వంటింటి ఎదుట పోపు జిడ్డు, దానిమీద దుమ్ము అంటుకుంటే ఇక వదలదు. ఏసీ గాలి తగిలే చోటు పనికిరాదు. చివరికి హాల్లో ఉత్తరం గోడకు, పుస్తకాల అలమర పక్కన బల్ల మీద పెట్టాం. అక్కడ పెడితే టీవీ సరిగా కనబడదని మా వారు ఒకసారి అన్నారు, మళ్లీ అనలేదు.

ఏప్రిల్ రెండో వారానికి తాళ్లన్నీ వేలాడటం మొదలైంది. స్తంభాల నుంచి దిగే తాళ్లు బట్టలారేసే తీగల్లా జారిపోయాయి. డెక్కు మీది పలకల మధ్య సన్నని సందులు కూడా కనబడ్డాయి. ప్రయాణంలో కదిలిపోయాయని తీర్మానించుకుని బిగించడానికి కూర్చున్నాను. ఆరు రాత్రులు పట్టింది. అబ్బాయి చదువుకునే దీపం, అమ్మ భూతద్దం, కనుబొమలు తీసే పట్టకారు, అవే నా పనిముట్లు. తెగిన చోట కొత్త నూలుదారానికి తేనెమైనం పట్టించి వేశాను. మైనం పూజా సామగ్రి కొట్లో దొరికింది, నలభై రూపాయలు. ముడుల మీద చిటికెలో అంటుకునే జిగురు వేశాను. మర్నాటికి ముడి చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టయింది, దారం పుల్లలా విరిగింది. ఆ తరవాత నీళ్లు కలిపిన ఫెవికాల్‌తోనే చేశాను. అది ఆరితే కనబడదు, తప్పు చేస్తే తడిపి విప్పుకోవచ్చు. ఏప్రిల్ 27 రాత్రికి తాళ్లన్నీ వీణ తీగల్లా నిలిచాయి. ఫొటో తీసి బాబాయికి పంపాను. "మరీ బిగువుగా లేవూ?" అని ఒక్క మాట రాశారు. పెద్దాయన చాదస్తమనుకున్నాను.

జులైలో ముసురు పట్టింది. 19వ తేదీ ఉదయం కాఫీ తాగుతుంటే టప్ మని చిన్న చప్పుడు. ముందు స్తంభం పై ముక్క మధ్యకు విరిగి తాళ్లలో వేలాడుతోంది. ఎవరూ తాకలేదు, ఫ్యాను కూడా లేదు. నూలుదారం తేమకు ఉబ్బి పొట్టిదవుతుందన్న సంగతి అప్పుడు తెలిసింది. నాన్న ఆ తాళ్లను విశాఖ తేమలో కట్టారు. హైదరాబాదు ఎండాకాలంలో అవి వదులవడం వాటి సహజ గుణం. నేను ఆ పొడిలో బిగించినవి వానాకాలంలో స్తంభాన్నే విరిచాయి. కదపకుండా వదిలేసి ఉంటే జులైకి వాటంతట అవే సర్దుకునేవి. ఆ రోజే 650 పెట్టి తేమను కొలిచే చిన్న మీటరు కొన్నాను. హాల్లో 78 శాతం చూపించింది. మరుసటి ఏప్రిల్‌లో అదే మీటరు 22కి దిగింది. ఆ అంకెలు చూశాక ఓడమీద కోపం పోయింది, నా మీదికి వచ్చింది.

విరిగిన ముక్కను అతికి, నేను బిగించిన తాళ్లను ఒక్కొక్కటే వదులు చేయడానికి ఆగస్టు మొదటి వారం దాకా పట్టింది. ఈలోగా దుమ్ము. బల్లమీది దుమ్ము గుడ్డతో పోతుంది. ఓడ తాళ్లమీది దుమ్ము బూడిదరంగు నూగులా పట్టుకుంటుంది, ఊదితే లోపలికి పోతుంది. ఒకరోజు ఇంట్లో పనికి వచ్చే ఆమె నామీద జాలిపడి తడిగుడ్డతో తుడిచి పెట్టింది. తాళ్లనిచ్చెన ఒకటి మూడు మెట్లు పోగొట్టుకుంది. ఆమెను ఏమని అంటాను? ఆరు రాత్రులు కూర్చుని నేను చేసింది అంతకంటే పెద్ద ఘనకార్యం. వాక్యూమ్ క్లీనరు గొట్టానికి పాత మేజోడు కట్టి పీలిస్తే సరిపోతుందని మా వారు సలహా ఇచ్చారు. గ్రీనిచ్‌లో ఉన్న అసలు కట్టీ సార్క్ 2007 మే 21న తగలబడటానికి, ఆపకుండా వదిలేసిన ఒక వాక్యూమ్ క్లీనరే కారణం కావచ్చని విచారణలో తేల్చారని చదివి వినిపించాను. అదీ ఓడను బాగుచేసే పనిలో ఉండగానే. స్తంభాలు, చాలా పలకలు అప్పటికే విప్పి వేరేచోట పెట్టారు కాబట్టి మిగిలింది. వాక్యూమ్ క్లీనరు మళ్లీ అటక ఎక్కింది.

కాబట్టి పెట్టె. ఆగస్టు 12న వడ్రంగి మేస్త్రీకి చెప్పాను. ఒక్క రేణువు దుమ్ము కూడా దూరకూడదన్నది నా ఒకే ఒక్క ఆదేశం. ఆయన దాన్ని అక్షరాలా పాటించాడు. అడుగు, వెనక పలక ప్లైవుడ్డు, మిగతా నాలుగు వైపులా అక్రిలిక్ షీటు, ప్రతి అంచునా సిలికాన్ పూత. వారమన్నది సెప్టెంబరు 7న వచ్చింది. 9,400 రూపాయలు. పెట్టె తెరిస్తే సిర్కా (వెనిగర్) వాసన గుప్పుమంది. "సిలికాన్ వాసనమ్మా, రెండు రోజుల్లో పోతుంది" అన్నాడు. పోయింది కూడా. రెండో రోజు సాయంత్రం ఓడను లోపల పెట్టి మూశాం. అక్రిలిక్ మీద పొడిగుడ్డ రుద్దితే దుమ్ము మరింత వచ్చి అంటుకుంటుందని, పైగా గీతలు పడతాయని వారంలోనే తెలిసింది. లోపల మాత్రం ఓడ మెరుస్తోంది. అమ్మ రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేది. ఆ నాలుగు నెలలూ నేను గర్వంగా ఉన్నాను. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ "గాలి కూడా దూరదు" అని చెప్పాను.

2025 సంక్రాంతికి ఇల్లు దులుపుతూ భోగి నాడు దగ్గరగా చూశాను. నల్ల లంగర్ల మీద తెల్లటి పొడి. బూజు అనుకున్నాను. పై మూత తీసి వేలితో తుడిచాను, ఊదాను కూడా. ఈ రెండు పనులూ మీరు చేయకండి. పొడి కింద లంగరు అంచు లేదు. గుంజల మీదా అదే తెలుపు. ముందు కొసన ఉన్న ఆడమనిషికి తెల్ల రంగే కాబట్టి ఆమెను చివర చూశాను. చాచిన చెయ్యి మామూలుగానే ఉంది. గుర్రం తోక మీద రంగు పొక్కు లేచినట్టుంటే కుంచెతో తాకాను. చెయ్యి మోచేతి వరకు పొడి అయి రాలింది. అమ్మ వెనకే నిలబడి ఉంది. "ఆ చెయ్యి మూడుసార్లు పోతపోశారు, రెండుసార్లు సరిగా రాలేదు" అంది, అంతే. ఆ పండక్కి మా ఇంట్లో అరిసెలు ఎవరూ సరిగా తినలేదు.

మా కింది అంతస్తులో, ఇక్కడి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో రిటైరైన శాస్త్రవేత్త ఉంటారు. తార్నాకలో ఉండటంలో ఉన్న సుఖం ఇదే, ఏ మెట్ల దగ్గర నిలబడినా ఒక రసాయన శాస్త్రజ్ఞుడు తగులుతాడు. కనుమ నాడు పైకి వచ్చి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, సిర్కా వాసన సంగతి విని నవ్వారు. "ఇంట్లో సఫేదా కార్ఖానా పెట్టారమ్మా మీరు" అన్నారు. సఫేదా అంటే సీసంతో చేసే తెల్లరంగు పొడి, పూర్వం దాన్ని తయారుచేసింది ఇలాగేనట. సీసపు చుట్టలను సిర్కా పోసిన కుండల్లో పెట్టి, పేడలో పూడ్చి నెలల తరబడి మూసి ఉంచేవారు. ఆ ఆమ్లపు ఆవిరి సీసాన్ని కరిగిస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని తెల్లపొడిగా మారుస్తుంది, ఆమ్లం మళ్లీ విడుదలై పక్క పొరను పట్టుకుంటుంది. అంటే కొంచెం ఆమ్లం చాలు, బయటికి పోయే దారి లేకపోతే అది పని మానదు. ఆ రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు వదిలేది సిర్కాలో ఉండే ఆమ్లమే. ప్లైవుడ్డు, దానిలోని జిగురు కూడా ఏళ్ల తరబడి ఇలాంటి ఆవిర్లను కొద్దికొద్దిగా వదులుతుంటాయి. విశాఖలో ఓడ ఇరవై ఏళ్లు బీరువా మీద, నాన్న పాత లుంగీ కప్పుకుని ఉంది. దుమ్ము పట్టింది, సీసానికి మాత్రం ఏమీ కాలేదు. దానికి గాలి ఉంది.

దుమ్ము దూరని పెట్టెలో నేను విషం నింపి మూత పెట్టానన్నమాట. ఆయన ఇంత మాట అనలేదు, నేనే అనుకున్నాను.

మొదట చేయించిన పని, మా అబ్బాయిని ఆ గది నుంచి పంపించడం. ఆ పొడి సీసపు విషం. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, బాల్కనీలో పాత దినపత్రికలు పరిచి, గాలి లేని పూట చేయమన్నారు. చీపురుతో గానీ వాక్యూమ్‌తో గానీ తీయకూడదు, అది గదంతా లేస్తుంది. రాలిన పొడిని తడి కాగితంతో అద్ది, మూత బిగించిన డబ్బాలో వేసి, ఇంటి చెత్తలో కలపకుండా ప్రమాదకరమైన చెత్తగా వేరుగా ఇవ్వాలి. జనవరి 26న మొదలుపెట్టి వారాంతాల్లో మాత్రమే చేస్తే మార్చి నడిమికి అయింది. మొత్తం ఇరవై మూడు సీసపు ముక్కలు. పద్నాలుగింటిని మెత్తటి కుంచెతో శుభ్రం చేసి పలచటి లక్క పూత వేశాను. ఏడు ముట్టుకుంటే రాలేలా ఉంటే చిన్న గాజు సీసాలో వేసి పక్కన పెట్టాను. లంగర్లు రెండూ సికింద్రాబాదు పాట్ మార్కెట్లో ఒక కంసాలి ఇత్తడితో చేసి ఇచ్చాడు, 1,800. ఇంత చిన్న లంగర్లు ఏ దేవుడికి మొక్కుకున్నారని అడిగాడు. నాన్నకని చెప్పాను.

ఆడమనిషికి కూడా కొత్త చెయ్యి పెట్టిస్తానంటే అమ్మ వద్దంది. పూత వేసి అలాగే ఉంచాం.

మధ్యలో ఒక చిన్న గొడవ. డెక్కు మీది మురికి తీయడానికి మ్యూజియాల్లో చాలాచోట్ల వాడేది ఉమ్మేనని, దూది పుల్లను నాలుకకు తాకించి మెల్లగా దొర్లిస్తే జిడ్డు వస్తుందని ఆ పెద్దాయన చెప్పారు. అమ్మ వినేసింది. "ఆయన ఓడకు ఎంగిలి పూస్తావా?" నేను శాస్త్రం చెప్పబోయాను. ఆయన వెంటనే పార్టీ మార్చి డిస్టిల్డ్ నీళ్లతో కూడా వస్తుందన్నారు. కొంచెం ఎక్కువ దూది ఖర్చయింది. మామూలు దుమ్ముకు మాత్రం ముఖానికి పౌడరు అద్దుకునే మెత్తటి కుంచెను మించింది లేదు, 180 రూపాయలు. పై నుంచి కిందికి, స్తంభం నుంచి డెక్కుకు. ఎడమ చేత్తో ఓడ పలకను పట్టుకోవాలి, ఓడను కాదు.

కొత్త పెట్టెకు ఫిబ్రవరి 20న చెప్పాను. ఈసారి అల్యూమినియం చట్రం, ఐదు మిల్లీమీటర్ల గట్టి గాజు, అడుగున పొడిరంగు కాల్చిన లోహపు పలక. చెక్క ముక్క ఒక్కటి కూడా లేదు, ఓడ తప్ప. సిలికాన్ కావాలంటే సిర్కా వాసన రానిది, న్యూట్రల్ అని రాసి ఉన్నది తెమ్మన్నాను. డబ్బా మూత తీసి నేనే వాసన చూశాను. దుకాణంలో వాళ్లు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అడుగున రెండు చివర్లా రూపాయి బిళ్లంత రంధ్రాలు, వాటికి లోపలి వైపు సన్నటి బట్ట. దుమ్ము ఆగుతుంది, గాలి ఆడుతుంది. దీపం పెట్టె లోపల కాదు, పైన బయట, ఎల్ఈడీ పట్టీ. ముందు గాజు తలుపులా తెరుచుకుంటుంది, ఇక మూత ఎత్తే పని లేదు. ఎవరూ ముందుగా చెప్పని సంగతి బరువు. గాజే ముప్ఫై కిలోలు దాటింది. లిఫ్టులో అడ్డంగా పట్టలేదు, మూడంతస్తులు మెట్లమీద మోసినందుకు ఇద్దరికీ కలిపి 600. పాత బల్ల ఆ బరువుకు వంగుతుందని ఇనుప కాళ్ల బల్ల చేయించాల్సి వచ్చింది, 4,200. పెట్టెకు 8,700. ఇదే మొదట చేయించి ఉంటే మొదటి పెట్టెకు పెట్టిన డబ్బు మిగిలేది. పాత పెట్టెలో ఇప్పుడు మా అబ్బాయి క్రికెట్ సామాను ఉంది.

పెట్టె మార్చి 22న ఇంటికి వచ్చింది. ఓడను వెంటనే పెట్టనివ్వలేదు మా రసాయనాలాయన. తలుపు తెరిచి మూడు వారాలు ఖాళీగా ఉంచమన్నారు. రెండు రోజుల తొందరకు కిందటిసారి కట్టిన జరిమానా గుర్తుంది కాబట్టి ఎదురుమాట్లాడలేదు. ఇంటికి వచ్చినవాళ్లు ఖాళీ గాజు పెట్టెను చూసి చేపలు పెంచుతారా అని అడిగారు. ఏప్రిల్ 13 ఉదయం ఓడను లోపలికి చేర్చాం. తాళ్లు మళ్లీ వదులుగా వేలాడుతున్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఊరుకున్నాను. జులై వానలకు అవే బిగిశాయి, వాటికి కావలసినంత మేరకే.

నాన్న పనిముట్ల పెట్టెలో వల గుండ్లు మూడు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని బ్లేడుతో గీరి, మెరిసే చోటు పైకి ఉండేలా పెట్టె మూలన పెట్టమన్నారు. లోపలి గాలి బాగాలేకపోతే ఓడకంటే ముందు అది చెబుతుంది. శుక్రవారం దీపం పెట్టాక అమ్మ భూతద్దం తెచ్చుకుని గుండును చూస్తుంది. ఆ నవంబరు మొదటి వారం, గీరిన చోట మెరుపు పోయిందని పిలిచింది. పరుగెత్తి కిందికి వెళ్లి ఆయనను తీసుకొచ్చాను. వంగి చూసి, గాలికి సీసం ఈ మాత్రం మసకబారుతుంది, బూడిదరంగుకు భయం లేదు, తెలుపు కనబడితే అప్పుడు పిలవండి అన్నారు. అమ్మ ఆయన చేతిలోంచి భూతద్దం తీసుకుని తాను మళ్లీ ఒకసారి చూసింది. గుండును కాదు, ముందు కొసన చెయ్యి లేని ఆమెను.